అత్తగారి ఖాళీ అట్టలు

మందులు మధ్యలో మానేసే రోగులందరికీ డాక్టరు తన అత్తగారినే ఆదర్శంగా చూపించేవాడు. ఎన్ని మాత్రలు రాసినా ఆవిడ ఖాళీ అట్టలు తెచ్చి బల్ల మీద పెట్టేది.

ఒకరోజు ఆవిడ పెంచే కోడిపెట్ట అతని వేలు పొడిచింది. మూడు వారాలైనా పుండు తగ్గకపోతే చీము పరీక్షకు పంపాడు. రిపోర్టు చూసి నీరుగారిపోయాడు. ఆ క్రిములు ఐదు రకాల మందులకూ లొంగవట.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పేర్లు చదివింది. "ఇవన్నీ మీరు నాకు రాసినవే కదా, అల్లుడుగారూ."

"మరి మీరు మింగలేదా, అత్తయ్యగారూ?"

"ఒట్టి చేదు. పారేయడానికి ప్రాణం ఒప్పక, కోళ్ళు తాగే నీళ్ళలో కలిపేదాన్ని."

డాక్టరు రిపోర్టు అందుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"మధ్యలో మానకూడదన్నారుగా," అంది ఆవిడ, అతని వేలికట్టు సవరిస్తూ. "అవి ఒక్కపూట కూడా మానలేదు."