ఘాట్ ఎక్కే బండి

“పానం మీదికచ్చినోళ్లను ఎక్కించుకునే బండికి వేగం అక్కర లేదని ఎవలన్నరే?”

వ్యాన్ కింద వెల్లకిలా పడుకొని ఉన్న మెకానిక్ తిరుమల అడిగాడు. డ్రైవర్ కైలాసం కిందికి వంగి చూశాడు.

“మా ఆఫీసు మేడం అన్నది. వేగం తగ్గితే తగ్గనీ, ఘాట్ మాత్రం ఎక్కాలె అన్నది. గంతే.”

“జర సోంచాయించు అన్నా. గీ డిఫరెన్షియల్ తీసి నేను తెచ్చింది ఏస్తే బండి గుంజుతది, కాదంట లేను. కని సాపు రోడ్డు మీద అరవై దాటితే ఇంజన్ మొత్తుకుంటది. ఎన్క పండుకున్న మనిషి ఆయాసపడుతుంటే ఎడ్లబండి లెక్క పోతవా?”

వెనక ఇరుసు మధ్యనుండే ఆ ఇనుప గుండులోని పళ్లచక్రాలే ఇంజిన్ బలాన్ని చక్రాలకు చేరవేస్తాయి. పళ్ల లెక్క మారిస్తే వేగం తగ్గుతుంది, ఎత్తు ఎక్కే శక్తి పెరుగుతుంది. రెండూ కావాలంటే కుదరదు. తిరుమల చెప్పేది అదే.

“వేగమెందుకు బిడ్డా?”

కరీంనగర్‌లోని ఆ షెడ్డు గుమ్మంలో పాత టైరు మీద కూర్చున్న గంగుబాయి అన్నది. ఆమెది ఆసిఫాబాద్ దిక్కున, ఘాట్ పైనున్న గూడెం. చిన్న కోడలు భూమికకు నెలలు నిండుతున్నాయని కొండగట్టు అంజన్నకు మొక్కుకొని, తిరుగు ప్రయాణానికి కైలాసం బండి ఎక్కింది.

“ఉరికే బండ్లు కిందనే శాన సూసినం. మాకు పైకచ్చేది గావాలె.”

తిరుమల నవ్వాడు. “అవ్వ గెలిసింది. గా పానా ఇటియ్యే అన్నా.”

కైలాసం నవ్వలేదు. నిరుడు వానాకాలంలో గంగుబాయి పెద్ద కోడలు నవీనను మంచం మీద ఘాట్ కిందికి దించారు. ఎత్తు ఎక్కలేక అక్కడే ఆగిపోయిన అంబులెన్సు కైలాసానిదే. దానిలోకి చేర్చేలోపే ఆమె ప్రాణం పోయింది. కొడుకులిద్దరూ అదే మంచాన్ని భుజాలకెత్తుకొని తిరిగి ఘాట్ ఎక్కుతుండగా ఎవరో తీసిన ఫొటో రాష్ట్రమంతా తిరిగింది. అప్పుడు అధికారులు కదిలారు. ఇకమీదట ఆ గూడెంలో ఎవరినీ అలా మోసుకుపోవలసిన గతి పట్టనివ్వమని మాట ఇచ్చారు. ఈ వారమే వాహనాల అధికారిణి మమతారాణి కైలాసాన్ని పిలిచి, ఈ తెల్ల వ్యాన్ తాళం చేతిలో పెట్టింది.

“బండి మీద రాతలేం లెవ్వేందే?” తిరుమల అడిగాడు.

“పాతయి గీకేసిండ్రు. తిరిగి పోయినంక కొత్తయి రాపిస్తరట. లోపల స్ట్రెచర్ ఉన్నది, కనవడ్తలేదా?”

“కనవడ్తున్నది. మరి పానం నిలవెట్టే సామాన్లేవి?”

“అయిటికి మంజూరు గావాలె గద. సర్కారు ముచ్చట నీకెర్క లేదా?”

తిరుమల మళ్లీ ఇరుసు కిందికి జరిగాడు. కొత్త చక్రాల పళ్లు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో వేలితో తిప్పి చూశాడు, నూనె నింపాడు, బోల్టులు బిగించాడు.

మరునాడు ఉదయం వ్యాన్ గంగుబాయితో సహా ఘాట్ ఎక్కింది. నిరుడు కైలాసం ఆగిపోయిన మొదటి మలుపు దగ్గర గంగుబాయి కళ్లు మూసుకున్నది. ఇంజిన్ గట్టిగా మూలిగింది కాని ఆగలేదు. కళ్లు తెరిచేసరికి గూడెం ఎదురుగా ఉంది.

జనం చుట్టూ మూగారు. ఎవరో బండి ముందు కొబ్బరికాయ కొట్టారు. భూమిక నిండు కడుపుతో మెల్లగా నడిచి వచ్చి, వేడెక్కిన బానెట్ మీద అరచేయి ఆనించి చూసింది.

“మల్ల అస్తదా అన్నా?”

“ఫోన్ జేస్తె సాలు చెల్లె. బాటల ఛాయ్ గూడ తాగ.”

“తాగకు,” అన్నది గంగుబాయి. “ఈడికచ్చినంక నేనే వోస్త.”

కైలాసం వ్యాన్‌ను కార్యాలయానికి తెచ్చి పెట్టాడు. ఆ మరునాడే పెయింటర్ వెనక తలుపు మీద అక్షరాలు రాయడం మొదలుపెట్టాడు. మమతారాణి పక్కన నిలబడి చూస్తున్నది. అప్పుడు కైలాసం ఫోన్ మోగింది.

“కైలాసం! నొప్పులు షురువైనయ్. ఉమ్మనీరు పోయింది. భూమిక మొకం తెల్లగైంది. జల్ది రా కొడుకా!”

అతడు ఒక్క గెంతులో సీటెక్కాడు.

“ఆగు. ఎక్కడికి?” అన్నది మమతారాణి.

“గంగుబాయి కోడలు మేడం. నొప్పులు.”

“ఘాట్ కిందికి అంబులెన్సు పంపిస్తాను. అక్కడిదాకా దించమను.”

“మల్ల మంచం మీదనా? గిది ఎక్కుతది మేడం! నిన్ననే ఎక్కిచ్చిన.”

“ఎక్కుతుందని తెలుసు. అందుకే చేయించాం. అలాంటి ఫొటో ఇంకొకటి రాకూడదు.”

“గందుకే పోత అంటున్న!”

“ఇప్పుడు కాదు.” ఆమె గొంతు పెంచలేదు. “అవసరం పడితే నేనే ఫోన్ చేస్తాను. అప్పుడు వెళ్దువు గాని.”

“అవసరం ఇప్పుడే గద మేడం?”

ఆమె తల తిప్పింది. వెనక తలుపు వైపు చూసింది. కైలాసం దిగి అటు నడిచాడు. పెయింటర్ చివరి అక్షరం దిద్ది, కుంచె తీసి పక్కకు తప్పుకున్నాడు. కైలాసం చదివాడు. ఒకసారి చదివి, నమ్మలేక, మళ్లీ చదివాడు. ఆ అక్షరాల మీద చేయి పెట్టాడు. తడి రంగు వేళ్లకంటింది.

ఫోన్‌లో గంగుబాయి పిలుస్తూనే ఉంది.

“బయలెల్లినవా కొడుకా?”

అది శవాలను ఇళ్లకు చేర్చే బండి. భూమికకు ఏది పంపాలో మీరే చెప్పండి.