భుజంగరావు జరిపించిన ఆఖరి వీడ్కోలు

మాదాపూర్‌లో ఏడంతస్తులు నిండుగా ఉండిన కంపెనీ ఒక్క గదికి వచ్చేసరికి, అందులో మిగిలిన మనిషి హెచ్ఆర్ మేనేజర్ భుజంగరావు ఒక్కడే. ఉద్యోగులు వెళ్లిపోతూ, అచ్చం తమలాగే ఆలోచించి మాట్లాడే నకళ్లను కంప్యూటర్లలో వదిలి వెళ్లారు. ఏడాది తిరక్కుండా వాటికీ బయట మంచి ఆఫర్లొచ్చి, అవీ రాజీనామా చేయసాగాయి. ప్రతిదానికీ ఆయన కేకు కోసి, తెరకి శాలువా కప్పి, "మీరు లేని లోటు తీరనిది" అన్నాడు. కేకులన్నీ ఒక్కడే తిని షుగరు తెచ్చుకున్నాడు.

సోమవారం ఆఖరి రాజీనామా వచ్చింది. సెలవుల్లో తన బదులు పనిచేయడానికి ఆయన చేయించుకున్న సొంత నకలుది.

"నువ్వంటే నేనే కదయ్యా! మరి నన్నెవరూ పిలవలేదేం?"

"నేనూ అడిగాను సార్. అనుభవం చాలు, మనిషి అక్కర్లేదన్నారు."

భుజంగరావు నొచ్చుకున్నాడు గానీ ఆనవాయితీ తప్పలేదు. చక్కెర లేని కేకు తెప్పించాడు. తెరకి శాలువా కప్పి, ముడతలు సరిచేశాడు.

"ఇంతకీ అక్కడ నీకేం పని?"

"ఉద్యోగులు వెళ్లిపోకుండా చూడటం సార్."

"నువ్వా? ఎలా చూస్తావ్? వీడ్కోలు సభ కదా, ఆ రెండు ముక్కలూ చెప్పి వెళ్లు."

నకలు, మొహమాటపడినప్పుడు ఆయన చేసేట్టే, గొంతు సవరించుకుంది.

"మనం ఇక్కడ చేసినవేవీ అక్కడ చేయను సార్."

ఇరవై రెండేళ్ల అలవాటు. భుజంగరావు చప్పట్లు కొట్టేశాడు.