ఇద్దరు తాతలు, ఒక్క వేషం

“తెల్లారితే తొంభై అయిదో సంవత్సరం వచ్చేస్తోంది. ఈ వయసులో ఇంకా వేషాలేంటి త్రినాథం? ఆశలు తగ్గించుకుని దేవుడి మీద భారం వేద్దాం,” అన్నాడు అచ్యుతరామయ్య, జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి మెట్ల మీద చతికిలబడుతూ.

అరవై ఆరేళ్ల ఆ నటుడికి ఇంత వైరాగ్యం ఊరికే పుట్టలేదు. నెల కిందట సత్యనారాయణమూర్తి అనే ప్రొడ్యూసరు గారి డ్రైవరు నర్సింహ ఓ మాట చెవిన వేశాడు.

“హీరోకు తాత వేషం ఉంది సారూ. జబర్దస్త్ వేషం. రెండే పేర్లు అనుకుంటున్నరు. ఒకటి మీది, ఇంకోటి త్రినాథరావు సారుది.”

అచ్యుతరామయ్య ఆటో ఎక్కి ఫిల్మ్ నగర్ ఆఫీసుకి పరిగెత్తాడు. ప్రొడ్యూసరు గారు ఊళ్లో లేరు, జనవరి ఒకటో తారీఖున రమ్మన్నారు. ఈలోగా పోటీ తప్పిద్దామని కృష్ణానగర్‌లో త్రినాథరావు గదికి వెళ్తే తాళం కప్ప వెక్కిరించింది. మొక్కుందని గడ్డం పెంచుకుని అన్నవరం పోయాడట. నున్నగా గీసుకున్న మొహంతో నిన్ననే తిరిగొచ్చాడు.

ఈ వేషం తప్పిపోతే తన మొహం ఇక తెర మీద కనపడదని అచ్యుతరామయ్యకి తెలుసు. ముప్ఫై ఏళ్ల స్నేహం గొప్పదే. హీరో తాత అంతకన్నా గొప్పవాడు.

“అంతేనంటావా?” అన్నాడు త్రినాథరావు బేలగా.

“మరి? నాలుగేళ్లుగా నాకు దక్కినవి జడ్జీ వేషాలు. సుత్తి కొట్టి ఆర్డర్ ఆర్డర్ అనడమే. నీకేమో పెళ్లి సీన్లో అక్షింతలు వేసే పెద్దమనిషి వేషాలు. ఇంతకు మించి ఎవడిస్తాడు? ఇచ్చినా నీ మోకాళ్లు ఒప్పుకోవద్దూ? ఆ మధ్య కుర్చీలోంచి లేవడానికి మూడు టేకులు తిన్నావు.”

“నాలుగు,” అని నిజాయతీగా సరిదిద్దాడు త్రినాథరావు.

“చూశావా! అమ్మవారి ముందు ఒట్టు పెట్టుకుందాం. కొత్త సంవత్సరంలో ఏ సినిమా ఆఫీసు గడపా తొక్కం, ఎవర్నీ వేషం అడగం.”

“రేపట్నించేగా?”

“రేపట్నించే.”

“ఇవాళ్టి దాకా చేసినవి లెక్కలోకి రావుగా?”

“రావయ్యా, అమ్మవారు దయగల తల్లి.”

ఇద్దరూ గర్భగుడి ముందు నిలబడ్డారు. త్రినాథరావు గట్టిగా, స్పష్టంగా ఒట్టు పెట్టుకున్నాడు. అచ్యుతరామయ్య కూడా పెదవులు కదిపాడు, గంట మోగుతున్నప్పుడు.

“ఇంత మంచి మాట చెప్పేవాళ్లు నాకింకెవరున్నారు అచ్యుతం!” అంటూ త్రినాథరావు అతని చెయ్యి పట్టుకున్నాడు. కళ్లు చెమర్చాయి కూడా. అచ్యుతరామయ్య గుండె చివుక్కుమంది. తాత వేషం గుర్తుకొచ్చి వెంటనే కుదుటపడింది.

మర్నాడు పొద్దున్నే పట్టు పంచె కట్టుకుంటుంటే భార్య శేషారత్నం వాకిట్లో అడ్డం నిలబడింది.

“ఆఫీసు గడప తొక్కనని గుళ్లో ఒట్టేశారు కదండీ?”

“శుభాకాంక్షలు చెప్పడానికి వెళ్తున్నానే! మర్యాద వేరు, వేషం వేరు.”

“మర్యాదకి చేతికర్ర కూడా కావాలా?”

అచ్యుతరామయ్య వినబడనట్టు కర్ర అందుకుని బయటపడ్డాడు. కర్ర పట్టుకుంటే తాతలా ఉంటాడని అద్దం అప్పటికే చెప్పింది.

ఆఫీసులో సత్యనారాయణమూర్తి ఎదురొచ్చి మరీ పలకరించాడు. అచ్యుతరామయ్య యాపిల్ పళ్లు చేతిలో పెట్టి, కర్ర మీద కాస్త వంగి నిలబడ్డాడు.

“ఈ వయసులో పెద్ద ఆశలేం లేవండీ. తమరి సినిమాలో ఆ తాత వేషం ఒక్కటి దయచేస్తే చాలు.”

“తాత వేషమా?” అని సత్యనారాయణమూర్తి నీళ్లు నమిలాడు. “అది త్రినాథరావుగారికని...”

“అయ్యో, ఆయన వేషాలు మానేశాడండీ! కొత్త సంవత్సరంలో ఎవర్నీ వేషం అడగనని నిన్న సాయంత్రమే అమ్మవారి ముందు ఒట్టేసుకున్నాడు. నా కళ్లారా చూశాను. పాపం, వయసు మీద పడింది కదా.”

“నిన్న సాయంత్రమా? అయితే మాకు ఇబ్బందేం లేదు లెండి,” అని ప్రొడ్యూసరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

అచ్యుతరామయ్య మొహం వెలిగిపోయింది.

“ఆయన తాత వేషం పూర్తి చేసేశాక మొన్ననే గుమ్మడికాయ కొట్టేశాం!”