నమూనా తోలు

బోనులో పిల్లి అరవలేదు, చువ్వలు గీరలేదు. మూలకు ఒదిగి అతని కళ్లలోకే చూస్తోంది.

అధికారికి ఆ చూపు కొత్తేం కాదు. 

ఆ కొండ అడవిపిల్లి ఉపజాతి ప్రపంచంలో మరెక్కడా లేదు. కింది ఇళ్లలోని పెంపుడు పిల్లులు కొండెక్కి దాన్ని సంకరం చేస్తున్నాయని, తేడా ఉన్నవాటిని ఏరిపారేయడానికే ఆ ఆఫీసు వెలిసింది. పెట్టించింది అతని మామగారు. ఆ ఉపజాతిని తొలిసారి పట్టి, తోలు తెచ్చి చూపిన ఘనుడు. ఆయన పోయారు గానీ, ఆ తోలు గోడకున్న అద్దాల పెట్టెలో భద్రంగా ఉంది. చిక్కిన ప్రతి పిల్లినీ దాంతో పోల్చి చూడాలి. సరిపోతే కొండ మీద వదలాలి. సరిపోకపోతే సూది.

మొదట్లో పదింటికి ఒకటి సరిపోతే గొప్ప. ఇప్పుడు పదికి పదీ సరిపోతున్నాయి. జాతిని నిలబెట్టానన్న తృప్తితో అతనికి కంటినిండా నిద్ర పడుతోంది. బోన్లు మోసే పెద్దాయనకే ఏదో శంక.

"వదిలినవి కొండెక్కట్లేదండీ. వంటిళ్ల కిటికీల కింద చేరుతున్నాయి."

మనకు మచ్చికైపోయాయిలే అని అధికారి కొట్టిపారేశాడు.

ఇవాళ్టిది చాన్నాళ్లకు చిక్కిన తేడా పిల్లి. బొద్దు తోక, మొద్దు కొస. పెట్టెలోని తోలుకేమో తోక సన్నగా మొనదేలి ఉంది. అతను మూడుసార్లు కొలిచాడు.

"కొండంతా గాలించామండీ. ఇలాంటిది ఇక ఇదొక్కటే" అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి.

అధికారి సూది వేశాడు. పీడ విరగడైందనుకుని చేతులు కడుక్కున్నాడు.

భార్యకు జ్వరం కావడంతో మధ్యాహ్నం అత్తగారే క్యారేజీ పట్టుకొచ్చింది. మామగారు ఉన్నన్నాళ్లూ ఆవిణ్ణి ఆఫీసు గడప తొక్కనివ్వలేదు. కూర్చోమంటే కూర్చోకుండా గదంతా కలయజూసి, అద్దాల పెట్టె ముందు ఆగిపోయింది. నిఖార్సైన జాతి అంటే ఇదీ అని అతను గర్వంగా చెప్పాడు.

ఆవిడ అద్దం మీద చెయ్యి ఆనించి, "ఈ చెవి తలుపు సందున పడి చిరిగితే నేనే మందు రాశాను బాబూ; తప్పిపోయిందని మీ మావగారు చెప్పిన మా పెంపుడు పిల్లే ఇది" అంది.