లైటు వేయకముందే

కంటి పరీక్ష యంత్రానికి కళ్ళు ఆనించి లోవెల్ అక్షరాలన్నీ గడగడా చదివేశాడు.

"చీకట్లో కూడా ఇంత బాగా కనిపిస్తోందా, పెద్దాయనా? నేనింకా అందులో లైటు వేయలేదు," అంది విచిటా నగరంలోని డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసు గుమాస్తా రెనీటా.

అక్షరాలు బట్టీ పట్టించిన భార్య వెర్నా కర్ర పోటేసుకుంటూ ముందుకొచ్చింది.

"వారానికి మూడుసార్లు నాకు డయాలసిస్ అమ్మా. ఈ కాలితో నేను నడపలేను. మా పేటకి బస్సే రాదు. ఎదురుగా ఏముందో నేను చెబుతుంటాను, ఈయన నడుపుతాడు."

"మీ వీధిలో పిల్లలు బడికి నడిచి వెళ్ళరా, మామ్మగారూ?"

మొన్న తను 'ఆగు' అనేలోపే కారు చెత్తడబ్బాను గుద్దేసిన సంగతి వెర్నాకి గుర్తొచ్చింది. భర్త జేబులోంచి కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మరి ఇంటికెలా వెళ్ళాలమ్మా? మేమొచ్చింది ఆ కారులోనే."