తాతగారి యంత్రం ఎవరికి?

ప్రకటన చూసి ఇద్దరు వచ్చారు. ఇద్దరి మీదా పెద్దాయనకి అనుమానమే.

ముందు గదిలో టేబుల్ మీద పచ్చ గుడ్డ పరిచి, దాని మీద తాతగారి లెక్కల యంత్రాన్ని పెట్టాడు. నల్లటి ఇనప పెట్టె. పైన అంకెల మీటలు, పక్కన తిప్పడానికో పిడి, మూత అంచున ఎర్ర లక్క సీలు. కంప్యూటర్లు ఇంకా పుట్టకముందు తాతగారు ఒంటిచేత్తో కట్టిన యంత్రమనీ, లోకంలో ఇలాంటిది మరొకటి లేదనీ ప్రకటనలో ఉంది. పిడి ఏనాడో బిగుసుకుపోయింది. తిరగదు.

అమ్మడం పెద్ద పనేం కాదు. ఎవరి చేతిలో పెడుతున్నామన్నదే ఆయన బెంగ. తప్పు మనిషి చేతిలో పడిందా, తాతగారి పేరూ తన పేరూ కలిపి మట్టిపాలు.

పొద్దున్నే కూతురు పాఠం చెప్పింది.

"నాన్నా, ఈ పాత యంత్రాల పిచ్చోళ్లలో రెండు రకాలుంటారు. గీక్, నెర్డ్. గీక్‌కి వస్తువంటే ప్రాణం. తెచ్చుకుని, అద్దాల బీరువాలో పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోతాడు. నెర్డ్‌కి దాని లోపల ఏముందో తెలియాలి. తెలిసేదాకా కంటిమీద కునుకుండదు."

"చూడగానే తెలిసిపోతుందా?"

"అదే కదా చిక్కు. పైకి ఇద్దరూ ఒకలాగే ఉంటారు. మాటల్లో పెట్టి లాగాలి. ప్రేమ ఉన్నవాళ్లకే ఇద్దాం నాన్నా."

అంత మాట చెప్పి ఆ పిల్ల వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

వచ్చినవాళ్లలో ఒకాయన చొక్కా మీద పాత లెక్కల యంత్రం బొమ్మ ఉంది. భుజాన సంచీ నిండా పిన్నులతో గుచ్చిన బిళ్లలు, వాటి మీదా యంత్రాల బొమ్మలే. గుమ్మంలో అడుగు పెట్టింది మొదలు నోరు మూయలేదు. తన దగ్గరున్న యంత్రాల పేర్లన్నీ దండకం చదివినట్టు చదివేశాడు. పెద్దాయన కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. చొక్కాదేముంది, బజారుకెళ్తే ఎవడికైనా దొరుకుతుంది. ఈ ఆర్భాటం చాటున అసలు మనిషి ఎవరో?

రెండో ఆవిడ కాలేజీలో లెక్కల లెక్చరర్. బొమ్మల్లేవు, బిళ్లల్లేవు, మాట కూడా పొదుపే. నెమ్మదస్తురాలని ముందు పెద్దాయనకి ఆవిడే నచ్చింది. ఇంతలో ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, పిడి పక్కనున్న సన్నటి సందులోకి ఒంటికన్నుతో చూడడం మొదలుపెట్టింది.

"కూడేటప్పుడు పక్క స్థానంలోకి వెళ్లాల్సిన అంకెని ఇది ఎలా మోస్తుందండీ?" అని అడిగింది.

అది తాతగారికే తెలియాలన్నాడు పెద్దాయన. ఆవిడ లేచి, గోడ మీదున్న తాతగారి ఫొటో చూసి, ఈయన మొహం చూసి, పోలికలు రాలేదే అంది. తనది తల్లి పోలికన్నాడు. వెనక గదిలో టకటకమని ఆ చప్పుడేమిటంది. మా అమ్మాయి, గోడ మరమ్మతు అన్నాడు. ఇన్ని ఆరాలు తీసే మనిషిని ఎలా నమ్మడం? ఆవిడ బ్యాగులోంచి తొంగిచూస్తున్న స్క్రూడ్రైవర్ కంటబడేసరికి ఆయన యంత్రానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

ఇంక నాన్చకుండా అసలు ప్రశ్న అడిగేశాడు.

"ఇంటికి తీసుకెళ్లాక మొట్టమొదట ఏం చేస్తారు?"

"ముట్టుకోనండీ," అన్నాడు చొక్కా ఆయన. జేబులోంచి తెల్ల గ్లౌజులు తీసి చూపించాడు. బీరువాలో నడిమి అర ఖాళీ చేసి, లైటు కూడా పెట్టించానన్నాడు. "అది తాతగారి చేతి లక్క. దాన్ని పగలగొట్టే పాపం నాకెందుకండీ?"

లెక్చరర్ మళ్లీ ఆ సందు వైపు చూసింది.

"సీలు తీస్తాను. ఒక్కో చక్రం విప్పి, ఎక్కడ బిగుసుకుందో చూస్తాను. నాకు అమ్మకపోయినా ఫర్వాలేదండీ. ఇక్కడే, మీ ఎదురుగానే విప్పనివ్వండి. తిరిగేలా చేసి, మీకే ఇచ్చేసి వెళ్లిపోతాను. పైసా అక్కర్లేదు."

చొక్కా ఆయన కూడా నోరు తెరుచుకుని చూశాడు. పెద్దాయన చెయ్యి మాత్రం తనకి తెలియకుండానే సీలు మీదికి పోయింది.

"మా తాతగారు అందులో తన ప్రాణం పెట్టి మూత వేశారమ్మా. పోయినాయన్ని కోసి చూస్తామంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. తప్పుగా అనుకోవద్దని చెప్పి, గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి పిడి వైపు చూసి వెళ్లిపోయింది. పెద్దాయనకి నిజంగానే జాలేసింది. అయినా ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి కన్నార్పకుండా చూస్తూనే ఉన్నాడు.

చొక్కా ఆయన గ్లౌజులు తొడుక్కుని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు యంత్రాన్ని ఎత్తుకున్నాడు.

"ఎంత బరువండీ! ఆ రోజుల్లో సరుకంటే సరుకే. నిజంగా ఇలాంటిది ఇంకోటి లేదు కదా?"

"నా మాట మీద నమ్మకం లేకపోతే ఇక్కడే పెట్టేసి వెళ్లండి," అన్నాడు పెద్దాయన.

ఆ మాటకి చొక్కా ఆయన హడలిపోయాడు. డబ్బు కవరు బల్ల మీద పెట్టి, తాతగారి ఫొటోకి దణ్ణం పెట్టుకుని, యంత్రాన్ని గుండెకి హత్తుకుని మెట్లు దిగాడు. నీ చేతిలో చల్లగా ఉంటుంది నాయనా అని పెద్దాయన మనసారా అన్నాడు.

వీధి తలుపు గొళ్లెం పెట్టి, చెమట తుడుచుకుంటూ ఆయన వెనక గది తలుపు తోసేసరికి, కూతురు తాతగారి నాలుగో యంత్రం నిండా ఇటుక ముక్కలు సర్దేసి, సీలు వెయ్యడానికి లక్క కరిగిస్తోంది.