మీట జరిపితే మోగే గడియారం

"నా కళ్ల ముందే విప్పాల. నా కళ్ల ముందే బిగించాల. అలాగైతేనే ఇస్తాను," అన్నాడు సీతారామాంజనేయులు.

కరీం బాషా ఆయన మొహంలోకి రెప్ప వేయకుండా చూసి తలూపాడు. "కూర్చోండి సాబ్."

పాత పోస్టాఫీసు దగ్గర అతని ఇరుకు వాచీ రిపేరు కొట్టు. తొంభై ఏడు జూలై.

పోర్టులో ఓడల్ని లాగే టగ్గు నడిపి రిటైరైన సీతారామాంజనేయులు దగ్గర పాతకాలపు బంగారు జేబు గడియారాలు పదకొండున్నాయి. అన్నింటిలోకీ ఇదంటే ప్రాణం. పక్కనున్న మీట జరిపితే టైమెంతయిందో గంటలు కొట్టి చెబుతుంది. కిందటి వారం చెయ్యి జారి పడింది. అప్పట్నుంచీ పగిలిన కుండలా మోగుతోంది.

కలకత్తాలో ఓ స్నేహితుడు ఇలాంటిదే రిపేరుకిస్తే, లోపలి మెషీను మార్చేసి పైడొల్ల తిరిగిచ్చారు. ఆ భయంతోనే ఈయన స్టూలు మీద కాపలా.

మొదటిరోజే అనుమానం వచ్చింది. వంగి పనిచేస్తున్నప్పుడు ఏమడిగినా బాషా పలకడు. తలెత్తితే మాత్రం ఈయన మొహం మీంచి చూపు తిప్పడు.

దొంగ వాలకం, అనుకున్నాడు సీతారామాంజనేయులు.

రెండోరోజు బాషా గడియారాన్ని పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని మీట జరిపాడు.

"ఏటి భాయ్ అది! బంగారం కొరికి సూత్తన్నావా?"

 బాషా కళ్లు తెరిచి, లోపల మోగే తీగని ఆకురాయితో రవ్వంత గీకి, మళ్లీ పళ్ల మధ్య పెట్టుకున్నాడు. సాయంత్రం దాకా అదే వరస.

మూడోరోజు మధ్యాహ్నం ముసురు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. కొట్టంతా చీకటి.

"నా వాచీ ఏదీ?"

ఆయన స్టూలు మీంచి లేచాడు.

"భాయ్, నిన్నే! వాచీ ఏదీ?"

సొరుగు మూసిన చప్పుడు.

సీతారామాంజనేయులు తడుముకుంటూ వెళ్లి బాషా చెయ్యి ఒడిసిపట్టాడు. "దొంగా! పోలీసుల్ని పిలుస్తాను!"

కరెంటొచ్చింది. బాషా అరచేతిలో సొరుగులోంచి తీసిన మెత్తటి గుడ్డ. గుడ్డలో గడియారం. బాషా తెల్లబోయి చూస్తున్నాడు.

సీతారామాంజనేయులు గడియారం లాక్కుని వెనక మూత తెరిచాడు. భూతద్దంతో మెషీను మీది నంబరు చూశాడు. తన పుస్తకంలో రాసుకున్న నంబరే. ఒక్క మర కూడా మారలేదు.

మీట జరిపాడు.

మూడు లావు గంటలు. పావుగంటకి ఒక జంట గంట. పైనిమిషాలకి అయిదు సన్న గంటలు. మూడూ ఇరవై.

కొన్నప్పుడు కూడా అంత తేటగా మోగలేదది. ఆయన సిగ్గుతో తల దించుకుని, "తప్పయిపోయింది భాయ్," అని గొణిగాడు.

బాషా ఆయన గడ్డం పట్టుకుని మెల్లగా పైకెత్తాడు.

"ఇటు నా వైపు సూసి సెప్పండి సాబ్, టైఫాయిడ్‌లో నా సెవులు రెండూ పోయి పన్నెండేళ్లయింది, పళ్లకి అదురు తెలుస్తాది గానీ, వాచీ ఎలా మోగతందో మీరే సెప్పాల."